సోమారం లెక్క

పదకొండేండ్లు ఆటల గంటను నేను దొంగిలించిన.
మూడున్నరకు చాంద్‌పాషా సారు
మెడల విజిలేసుకొని తలుపుకాడ నిలబడితే
"ఒక్క సిద్ధాంతం మిగిలింది సార్" అనేటోన్ని.
ఆయన ఏమీ అనకపోయేటోడు.
వరండల కూసోని బంతికి గాలి కొట్టేటోడు,
ఎవ్వరూ తన్నని బంతికి, వారం వారం.

దేవరకద్ర దాటినంక పల్లిచేన్ల నడుమ మా బడి.
గ్రౌండుంది, లేదని కాదు.
పంట పీకిన్రంటే సగం మీద ఊరోళ్ల పల్లికాయ ఎండుతది,
మిగిలిన సగంల పిల్లలు ఇరుక్కొని ప్రార్థన చేస్తరు.

ఒక సోమారం ప్రతిజ్ఞ సగంల ఉండంగ
ఎనిమిదో తరగతి నర్మద కూలబడ్డది.
చప్పుడు కాలే. తీగ మీది చున్నీ జారినట్టు జారింది.
నీళ్లు చల్లి, పొద్దున ఏం తిన్నవంటే
"చాయ్" అన్నది.
"అది గూడ నల్లదే సార్" అన్నది పక్క పిల్ల.
అమ్మ పత్తి ఏరను ఐదింటికే ఆటో ఎక్కుతదట.
నాయిన పుణెల సెంట్రింగు పని.

ఆ పగటాల మొదటిసారి వంటకాడికి పోయిన.
అంజిలమ్మ గంటె తిప్పుకుంటనే అన్నది:
"ఇయ్యాల సోమారం గద సారూ,
రెండు కిలోలు ఎక్కువనే పోస్త.
నిన్న బడి లేకుండె గద."

రిజిస్టరు తీసి చూసిన.
తలకింత, రోజుకింత, ఒక్క గ్రాము తేడా లేదు.
అసలు లెక్క పొయ్యి వెనక గోడ మీదుంది,
అంజిలమ్మ బొగ్గుతోని గీసుకున్న గీతలు.
బోర్డు మీద ఎన్ని గ్రాఫులు గీసిన నేను!
ఇసొంటిది ఎన్నడూ గియ్యలే:
సోమారం లేస్తది, మంగళారం వంగుతది,
శనారం దాక పండుకొని
మల్ల సోమారం నిటారుగ లేస్తది.

కమిటీ కూసున్నది. చాన సేపు కూసున్నది.
తొమ్మిదింటికి రాగిజావ అన్నరు,
గేటు ముందర రంగురంగుల పొట్లాలు బంద్ అన్నరు.
"మరి నా పొట్ట?" అన్నడు కిరాణం జంగయ్య.
"పల్లిపట్టి అమ్ముకో, బెల్లం నువ్వు తే, నేను చేసిస్త"
అన్నది అంజిలమ్మ, గడపకాడికెళ్లే.
లోపలికి రమ్మని ఎవ్వరూ అనలేదని
ఇప్పుడు రాస్తుంటే యాదికొస్తున్నది.
"ఇరవై నిమిషాలల్ల తినమంటే
మింగుతరు సారూ, నములరు" అన్నది గూడ ఆమెనే.

ఆఖరికి చాంద్‌పాషా సారు లేచిండు.
"ఆటల గంటను ఎవ్వరూ అడగొద్దు."
అంతే. కూసున్నడు.
నా దిక్కు చూడలే.
పెయింటరు అన్నిటినీ నీలిరంగుల గోడ కెక్కించిండు,
'ఎవ్వరూ' కింద గీత కొట్టి.

రెండేండ్లయింది.
జావ కొన్నొద్దులు అడుగంటుతది, గుడ్లు రాని వారాలున్నయి.
పొయ్యి వెనక సోమారం గీత ఇంకా పొడుగ్గనే ఉన్నది,
రెండు కిలోలు కాదు, ఒకటింబావు.

మొన్న ఫిబ్రవరిల, పది పరీక్షలు నెత్తిమీద,
నా చేతికి సుద్దముక్క దురద.
మూడున్నరకు తలుపుకాడ నేను నిలబడ్డ:
"ఒక్క సిద్ధాంతం..."
నర్మద ఇప్పుడు పదో తరగతి.
ఎదురు మాట్లాడలే,
గోడ దిక్కు వేలు చూపి
చెప్పులిడిసి ఉరికింది.

వరండలకెళ్లి చూసిన.
కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ...
ప్రతిజ్ఞ నిండ చెప్పలేకపోయిన ఊపిరి
గీత దాటింది, ముగ్గురిని ముట్టింది,
కాలు పట్టినా తెగలే,
మట్టి మీద పాకి గీత అందుకున్నది.

పక్కకొచ్చి కూసున్న చాంద్‌పాషా సారు
గాలిపంపు నా చేతుల పెట్టిండు.
"కొట్టున్రి సార్,
ఆడి ఆడి మెత్తబడ్డది."